ఇంట్లో బడి పెట్టే ముందు

మన ఇండ్లలో బిడ్డ చదువు బడికంటే ముందే మొదలవుతుంది. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజుల వయసు నిండిన నాడు కొత్త బట్టలు తొడిగి, బంధువులను పిలిచి, ఒక పెద్దమనిషి చేత బిస్మిల్లా చెప్పించే ఆచారం హైదరాబాదు, సికింద్రాబాదు ముస్లిం కుటుంబాలలో తరతరాలుగా ఉన్నది. ఆ తరువాత వీధిలోని ఆపా దగ్గర ఖాయిదా, నాజిరా. తల్లి ఒడిలో కలిమాలు, దుఆలు. ఇవన్నీ సాగుతుండగా బడి వచ్చి చేరుతుంది. కనుక ఇంటి దగ్గర చదువు అనే భావన మనకు అమెరికా నుండి దిగుమతి అయిన వింత ఏమీ కాదు. ఇప్పటి కొత్తదనమల్లా, వచ్చి చేరవలసిన ఆ బడిని అసలు రానీయకుండానే పిల్లలను పెంచవచ్చునా అని కొన్ని కుటుంబాలు ఆలోచిస్తుండటమే.

బోయిన్‌పల్లి, మెట్టుగూడ, వారాసిగూడ, తార్నాక ప్రాంతాల చదువుకున్న యువ దంపతుల నోట ఈ ప్రశ్న తరచుగా వినవస్తున్నది. ప్రశ్న ఒకటే అయినా దాని వెనుక కారణాలు ఒకటి కావు. ఒక ఇంట కూతురి తలమీది వస్త్రం గురించి తరగతిలో ఎవరో విసిరిన మాట. ఇంకొక ఇంట ప్రతి జూన్‌లోనూ పెరిగే ఫీజు. మరొక ఇంట కొడుకును హాఫిజ్‌గా చూడాలన్న కోరిక, దానికి బడి వేళలు అడ్డు వస్తున్నాయన్న బాధ. వేరొక ఇంట, కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని తానే పాఠం చెప్పి, ఇంతేనా అనుకున్న తల్లి ధైర్యం. నాలుగు కారణాలూ గౌరవించదగినవే. కాని నాలుగింటికీ మందు ఒకటి కాదు. ఫీజు బాధకు ఇంటి చదువు సరైన జవాబు కాకపోవచ్చు. అవమానానికైతే అది అసలు జవాబే కాదు. ఆ సంగతి కొంచెం తరువాత.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇంటి చదువు ముస్లిం కుటుంబానికి అందుబాటులో ఉండవలసిన మార్గమే. అయితే దానిని ఎంచుకునే తల్లిదండ్రులు తమ బిడ్డ ఏ ఏట, ఏ బోర్డు పరీక్షకు, ఏ విషయాలతో కూర్చోబోతున్నదో మొదటి రోజునే చెప్పగలగాలి. చెప్పలేని ఇంట జరిగేది బడి మాన్పించడమే, దానికి పేరు మాత్రం మార్చి పెట్టుకుంటున్నారు. ఆడపిల్ల విషయంలో ఈ పేరు మార్పు ఎంత హాని చేయగలదో మన పెద్దలకు తెలియనిది కాదు.

ముందుగా చట్టం సంగతి. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా 21ఎ అధికరణం వచ్చింది. దానిని అమలు పరచడానికి చేసిన విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. 6 నుండి 14 ఏండ్ల బిడ్డకు ఉచిత, నిర్బంధ విద్య ఇవ్వవలసిన బాధ్యత ప్రభుత్వానిది. అదే చట్టం 10వ సెక్షన్, బిడ్డను సమీప పాఠశాలలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని కూడా చెబుతున్నది. ఈ విధిని నిర్వర్తించని తల్లిదండ్రులకు శిక్ష ఏదీ అందులో రాయలేదు. నిర్బంధం అన్న మాటకు చట్టం ఇచ్చిన అర్థం ప్రభుత్వం మీది నిర్బంధం. ఇంటి చదువు ప్రస్తావన స్పష్టంగా వచ్చేది తీవ్ర వైకల్యం గల పిల్లల విషయంలో. వారు ఇంటివద్దనే విద్య పొందే హక్కును 2012 సవరణ గుర్తించింది. మిగిలిన పిల్లల గురించి ఔననీ లేదు, కాదనీ లేదు. అదే 2012లో ఈ విషయం ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చినప్పుడు, ఇష్టపూర్వకంగా ఇంట చదివించుకునే తల్లిదండ్రులకు చట్టం అడ్డు కాదని కేంద్రం మొదట తెలిపి, తరువాత ఆ మాట నుండి వెనక్కి తగ్గింది.

అంటే మనం నిలబడి ఉన్నది నిషేధం మీద కాదు, అనుమతి మీదా కాదు, ఒక మౌనం మీద. జర్మనీలో ఇంటి చదువు నిషిద్ధం. ఇంగ్లండులో 1996 విద్యా చట్టమే బడిలో గాని, మరో విధంగా గాని బిడ్డకు చదువు అందేలా చూడమని తల్లిదండ్రులకు చెబుతున్నది. ఆ 'మరో విధంగా' అన్న మాటమీదనే అక్కడి కుటుంబాలు ఆధారపడతాయి. మనకు అటువంటి మాట లేదు. చట్టం మౌనంగా ఉన్న చోట సంపన్న కుటుంబానికి ఎవరూ అడ్డురారు. జూబ్లీహిల్స్‌లో బిడ్డను ఇంట చదివిస్తే అది ప్రయోగం అనిపించుకుంటుంది. రసూల్‌పురాలో బుర్ఖా వేసుకున్న తల్లి అదే పని చేస్తే ఛాందసం అంటారు. ఈ తేడా అన్యాయమే, కాని ఉన్నది. అందువల్ల మన కుటుంబాలు కాగితాల విషయంలో ఇతరులకంటే రెండింతలు జాగ్రత్తగా ఉండక తప్పదు. జనన ధ్రువపత్రం, ఆధార్, బడి మానేటప్పుడు తీసుకునే టీసీ, అప్పటివరకు వచ్చిన మార్కుల పత్రాలు అన్నీ ఒక సంచిలో ఉండాలి. బడి మారదలచిన బిడ్డకు ప్రధానోపాధ్యాయుడు టీసీ వెంటనే ఇవ్వాలనీ, ఆ కాగితం ఆలస్యమైందని మరో బడి బిడ్డను చేర్చుకోకుండా ఉండరాదనీ విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతున్నది. ఫీజు బాకీ చూపి టీసీ బిగబట్టే యాజమాన్యాలతో మాట్లాడేటప్పుడు ఈ సెక్షన్ సంఖ్య నోటికి వచ్చి ఉండటం మంచిది.

ఇక అవమానం సంగతి. 2022లో కర్ణాటకలో ఏమి జరిగిందో మనం మరచిపోలేదు. ఉడుపిలో మొదలైన వివాదంలో మార్చి 15న హైకోర్టు విద్యార్థినులకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు విధాలుగా చెప్పడంతో విషయం పెద్ద ధర్మాసనం కోసం ఆగిపోయింది. ఆడపిల్ల చదువు నిలిచిపోకూడదన్నదే తన ఆలోచనకు ప్రధానమని జస్టిస్ సుధాంశు ధూలియా రాసిన తీర్పు మన ఇండ్లలో ఇంకా చర్చించదగినది. తెలంగాణలో అటువంటి ప్రభుత్వ ఉత్తర్వు రాలేదు. అయినా ఉత్తర్వు అవసరం లేకుండానే ఒక ఉపాధ్యాయుడి వ్యంగ్యం, ఒక సహవిద్యార్థి ఎగతాళి అదే పని చేయగలవు.

అటువంటి బడి నుండి బిడ్డను తీసుకువచ్చి ఇంట కూర్చోబెట్టుకోవాలనిపించడం తల్లి మనసుకు సహజం. కాని ఆ పని నిశ్శబ్దంగా చేస్తే బడికి ఏమి అర్థమవుతుంది? సమస్య తానే తొలగిపోయిందని. రేపు అదే తరగతిలో మన పక్కింటి అమ్మాయి కూర్చుంటుంది. విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఫిర్యాదుకు 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థ, దానిపైన రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఉన్నాయి. ఒక చిక్కు మాత్రం ఉన్నది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని చెప్పింది. సికింద్రాబాదులో పేరున్న బడులలో చాలా వరకు క్రైస్తవ మిషనరీ సంస్థలవే. మన హక్కును కాపాడే 30వ అధికరణమే వారి బడికీ రక్ష. అక్కడ మార్గం వేరు: యాజమాన్యంతో రాతపూర్వక సంభాషణ, అది కుదరకపోతే జిల్లా విద్యాధికారికి వినతి. ఏ బడిలోనైనా ముందు కాగితం మీద రాయాలి, తేదీ వేయాలి, ఒక ప్రతి దగ్గర ఉంచుకోవాలి. ఆ తరువాత బిడ్డను తీసుకువచ్చినా, మన బిడ్డ బడి విడిచిన కారణం ఎక్కడో ఒక ఫైలులో నిలిచి ఉంటుంది.

ఫీజు భరించలేక ఈ ఆలోచన చేస్తున్నవారికి ఒక్క మాట చాలు. 2016లో 71 బడులతో మొదలైన తెలంగాణ మైనారిటీ గురుకులాలు ఇప్పుడు 200 దాటాయి. అయిదో తరగతి నుండి ప్రవేశం, తిండి, పుస్తకాలు, వసతి ఉచితం. బాలికలకు వేరే గురుకులాలు ఉన్నాయి. వాటిలో లోపాలు లేవని కాదు. ఇంట చదివించడానికి మాత్రం డబ్బు ఖర్చు కాదనుకోవడం పొరపాటు. పుస్తకాలు, పరీక్ష ఫీజు, ట్యూషన్, అన్నిటికంటే మించి ఒక తల్లి సంపాదించగలిగి ఉండీ సంపాదించని ఏళ్లు, ఇవన్నీ ఖర్చే.

ఇక నిజంగా ఇంట చదివించదలచినవారి దారి. మన దేశంలో ఈ దారి దాదాపు పూర్తిగా ఓపెన్ స్కూల్ మీదుగా పోతుంది. 1989లో ఏర్పడిన జాతీయ ఓపెన్ స్కూలే నేటి ఎన్.ఐ.ఓ.ఎస్. దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాదులో ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వానికి తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ వేరుగా ఉన్నది. ఎన్.ఐ.ఓ.ఎస్.లో పదో తరగతికి సమానమైన సెకండరీ పరీక్షకు 14 ఏళ్లు నిండాలి. అయిదు విషయాలలో ఉత్తీర్ణత కావాలి. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్–మే, అక్టోబరు–నవంబరు నెలలలో పరీక్షలు ఉంటాయి. ఒకసారి నమోదు చేసుకుంటే అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు. ఒక్కొక్క విషయమే రాసి మార్కులు కూడబెట్టుకోవచ్చు. దానికి ముందు మెట్టుగా మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన ప్రాథమిక స్థాయి పరీక్షలు కూడా ఉన్నాయి. భాషలలో ఉర్దూ, తెలుగు, అరబీ ఉన్నాయి. ఈ పట్టా చిన్నదన్న అపోహ ఇంకా కొందరిలో ఉన్నది. వైద్య విద్య ప్రవేశ పరీక్షకు ఓపెన్ స్కూల్ విద్యార్థులను అనుమతించని నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. ఆపై జాతీయ వైద్య కమిషన్ కూడా వారిని గుర్తించింది. ఇంజనీరింగ్ తలుపు మొదటినుండీ తెరిచే ఉన్నది.

ఓపెన్ స్కూల్‌లో ఉన్న గొప్ప సౌకర్యమే దాని ఉచ్చు. విషయాలను మనమే ఎంచుకోవచ్చు. గణితం తప్పనిసరి కాదు, విజ్ఞానశాస్త్రం తప్పనిసరి కాదు. ఇక్కడ మన ఇండ్లలో ఏమి జరుగుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు. అబ్బాయి ఫారంలో గణితం, విజ్ఞానం, ఇంగ్లీషు పడతాయి. అమ్మాయి ఫారంలో ఉర్దూ, అరబీ, గృహ విజ్ఞానం, చిత్రలేఖనం పడతాయి. ఎవరూ బిడ్డకు అన్యాయం చేయాలని అలా నింపరు. సులువుగా పాసవుతుంది, ఎలాగూ పెళ్లి చేసుకొని వెళ్లే పిల్ల కదా అనుకుంటారు. పట్టా చేతికి వస్తుంది, ఫోటో తీసి కుటుంబ వాట్సాప్‌లో పెడతారు. రెండేళ్లు గడిచాక ఆ అమ్మాయి నర్సింగ్ చదువుతానంటే, పాలిటెక్నిక్‌లో చేరతానంటే, ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకుంటానంటే అప్పుడు తెలుస్తుంది, పద్నాలుగో ఏట ఫారం నింపిన ఆ పది నిమిషాలలో ఎన్ని తలుపులు మూసుకుపోయాయో. పాలిటెక్నిక్ ప్రవేశానికి పదో తరగతిలో గణితం ఉండాలి. మళ్లీ అదనపు విషయంగా రాసుకోవచ్చు, నిజమే. కాని అయిదేళ్లుగా లెక్కల పుస్తకం ముట్టని పిల్లకు ఆ మాట ఎవరు చెబుతారు? ఎవరు కూర్చోబెట్టి నేర్పుతారు?

గృహ విజ్ఞానం మీద నాకు చిన్నచూపు లేదు. అది అబ్బాయిలు కూడా చదవవలసిన విషయం. నేను అడుగుతున్నది ఇంతే: ఒకే ఇంట అన్నకు, చెల్లికి వేర్వేరు ఫారాలు నింపుతున్నట్లయితే ఆ ఇంట నడుస్తున్నది ఒక బడి కాదు, రెండు బడులు. ఏ బడి ఎక్కడికి తీసుకుపోతుందో తండ్రికి ముందే తెలుసు.

హిఫ్జ్ కోసం బడి మాన్పించే కుటుంబాల విషయం కాస్త వేరు. ఖుర్‌ఆన్ కంఠస్థం చేయడం బిడ్డ జీవితంలో ఎంత గొప్ప సంపద అన్నది ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. తొమ్మిదేళ్లకు మొదలుపెట్టిన పిల్లవాడికి రెండు, మూడేళ్లు పడుతుంది. అది ముగిసి దస్తార్‌బందీ జరిగిన మరునాడు ఆ ఇంట లేచే ప్రశ్న: ఇప్పుడు ఏ తరగతి? ఎత్తు పెరిగి, గొంతు మారుతున్న పిల్లవాడు నాలుగో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చోలేక మొత్తానికే చదువు వదిలేయడం మన కళ్లముందు జరుగుతున్నదే. విద్యా హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం అటువంటి బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, తోటివారిని అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఇది బడి దయ కాదు, బిడ్డ హక్కు. కాని బడులు తమంతట తాము చెప్పవు. అంతకంటే మంచి దారి, హిఫ్జ్ నడుస్తున్న ఆ మూడేళ్లలోనే రోజుకు గంటన్నర లెక్కలకు, ఇంగ్లీషుకు, తెలుగుకు కేటాయించడం. జ్ఞాపకశక్తి అంత పదునుగా ఉన్న కాలంలో ఎక్కాలు నేర్పకపోతే ఇంకెప్పుడు నేర్పుతాం? మదరసా విద్యార్థులు ఎన్.ఐ.ఓ.ఎస్. ద్వారా పదో తరగతి పూర్తి చేసేలా జమీఅతె ఉలమాయె హింద్ ఓపెన్ స్కూల్ కార్యక్రమం చేపట్టింది. పెద్ద ఉలమాలే ఈ అవసరాన్ని గుర్తించారంటే మన వీధి హిఫ్జ్ కేంద్రాలు ఇంకా సందేహించడంలో అర్థం లేదు. ఆపై దారి కూడా ఉన్నది. గచ్చిబౌలిలో 1998 నుండి మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నది, మదరసా నుండి వచ్చేవారికి అక్కడ బ్రిడ్జ్ కోర్సులు ఉన్నాయి.

ఒక అపోహను ఇక్కడే తొలగించవలసి ఉన్నది. ముస్లింల పిల్లలంతా మదరసాలలోనే ఉంటారని బయటివారు అనుకుంటారు. 2006లో సచార్ కమిటీ తేల్చిన లెక్క ప్రకారం బడి వయసు ముస్లిం పిల్లలలో మదరసాలకు వెళ్లేవారు 4 శాతం మాత్రమే. అదే నివేదికలో మనం సిగ్గుపడవలసిన మరో లెక్క ఉన్నది: 6 నుండి 14 ఏండ్ల ముస్లిం పిల్లలలో నాలుగోవంతు మంది ఎన్నడూ బడి ముఖం చూడనివారు, లేదా మధ్యలో మానినవారు. మదరసాలో లేక, బడిలో లేక వారు ఎక్కడ ఉన్నారు? ఇంట్లో, దుకాణంలో, మెకానిక్ షెడ్డులో. ఇంటి చదువు గురించి మనం ఎంత ఉత్సాహంగా మాట్లాడుకున్నా ఈ నాలుగోవంతు మందిని పక్కన పెట్టి మాట్లాడలేము. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్లలోపు పిల్లలను అన్ని పనులలోనూ నిషేధిస్తూ, బడి వేళల తరువాత, సెలవులలో కుటుంబ పనిలో సాయపడటానికి మినహాయింపు ఇచ్చింది. ఇంట చదివే బిడ్డకు బడి వేళ అంటే ఏది? రాణీగంజ్‌లో తండ్రి దుకాణం, మోండా మార్కెట్‌లో మామయ్య కొట్టు రోజంతా పిలుస్తూనే ఉంటాయి. గంట కొట్టే బడి లేని ఇంట వేళను గోడమీద రాసి పెట్టవలసినవాడు తండ్రి. ఆ వేళలో బిడ్డను గల్లాపెట్టె దగ్గరికి పిలవకూడనివాడు కూడా అతడే.

ఇంట చదువుకొని పైకి వచ్చిన స్త్రీలను ఉదాహరణగా చూపి ఇంటి చదువే మేలని వాదించేవారు ఉన్నారు. ఉదాహరణలు నిజమే. బెంగాల్‌లో బేగం రోకేయా తన అన్న ఇబ్రాహీం దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నారు. మన హైదరాబాదులో 1884లో పుట్టిన సుగ్రా హుమాయూన్ మీర్జా ఉర్దూ, ఫార్సీ ఇంటనే నేర్చుకొని రచయిత్రి, సంపాదకురాలు అయ్యారు. కాని ఆ ఇద్దరూ పెద్దయ్యాక చేసిన పని ఏమిటి? రోకేయా 1909లో భాగల్‌పూర్‌లో అయిదుగురు పిల్లలతో బాలికల బడి తెరిచారు. అక్కడ నిలవలేక 1911లో కలకత్తా చేరి మళ్లీ తెరిచారు. సుగ్రా బేగం 1934లో తన తండ్రి పేరిట సఫ్దరియా బాలికల పాఠశాల నెలకొల్పారు. ఇంటి చదువులో ఎంత దొరికిందో, ఎంత దొరకలేదో వారికంటే బాగా తెలిసినవారు ఎవరు? ఇంట నేర్పే ఒక అన్న, ఒక తండ్రి దొరకడం అదృష్టం. ఆ అదృష్టం లేని వేలమంది ఆడపిల్లల కోసమే వారు బడి కోరుకున్నారు. ఇంటి చదువును సమర్థించే మనం ఆ బడులను బలహీనపరిచే మాట ఒక్కటి కూడా అనకూడదు.

ఇస్లామీ చరిత్ర నుండి కూడా రెండు సంగతులు గుర్తుకు వస్తున్నాయి. షిఫా బిన్తె అబ్దుల్లా అనే సహాబియా విశ్వాసుల మాత హఫ్సా (ర)కు రాయడం నేర్పారు. ఇంటిలోపల, స్త్రీ చేత, స్త్రీకి జరిగిన చదువు అది. రెండవది బద్ర్ యుద్ధం తరువాతది. పరిహారం చెల్లించలేని ఖైదీలలో చదువు వచ్చినవారు ఒక్కొక్కరు పదేసి మంది మదీనా పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే విడుదల అన్నారు దైవప్రవక్త (స). నిన్నటి వరకు కత్తి పట్టి ఎదుట నిలిచినవారి దగ్గర అక్షరాలు దిద్దడానికి పిల్లలను పంపడంలో మదీనా తల్లిదండ్రుల విశ్వాసం తరగలేదు. కనుక ఇతర మతస్థుల నడుమ చదివితే బిడ్డ ఈమాన్ కరిగిపోతుందన్న భయం ఒక్కటే కారణమైతే, ఆ కారణాన్ని మరోసారి తూచి చూడవలసి ఉన్నది.

నిర్ణయం జరిగిపోయిన ఇంట మొదటి ఏడాది ఎలా గడవాలి? పెద్ద టైంటేబుల్ అక్కరలేదు. ఫజ్ర్ తరువాత ఖుర్‌ఆన్, తొమ్మిది నుండి పన్నెండు దాకా లెక్కలు, భాషలు, విజ్ఞానం, జొహర్ తరువాత బిడ్డకు నచ్చిన చదువు లేదా చేతిపని, అసర్ తరువాత తప్పనిసరిగా ఇంటి బయట ఆట. నలభై మంది తరగతిలో అయిదు గంటలలో జరిగేది ఒక్క బిడ్డతో మూడు గంటలలో జరుగుతుంది. పుస్తకాలకు కొరత లేదు. ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యపుస్తకాలు ఉర్దూలో కూడా ఉచితంగా దొరుకుతాయి, రాష్ట్ర పాఠ్యపుస్తకాలు తెలుగు, ఉర్దూ రెండింటిలోనూ ఉన్నాయి. టి-శాట్‌లో పాఠాలు వస్తాయి. కొరత ఉన్నది మనుషులకు. ఈ మూడు గంటలూ తల్లి నెత్తినే పడతాయి. వంట, అత్తమామల సేవ, చంటిబిడ్డ, వాటి పైన గణితం. ఆమె పదో తరగతిలో ఆపేసి ఉంటే ఏడో తరగతి బీజగణితం దగ్గర ఆగిపోతుంది. ఆ తప్పు ఆమెది కాదు. తండ్రి రెండు విషయాలైనా తనమీద వేసుకోలేని ఇంట ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. కొన్ని చోట్ల తల్లి కూడా బిడ్డతో పాటు ఓపెన్ స్కూల్‌లో నమోదు చేసుకోవచ్చు. వయసుకు పైపరిమితి లేదు. ఒకే బల్ల దగ్గర తల్లీ కూతురూ పదో తరగతికి చదివితే నాకు అంతకంటే మంచి ఇంటి బడి తోచదు.

తెలుగు విషయం మరవరాదు. మన పిల్లలు ఇంట దక్కనీ మాట్లాడతారు, బడిలో ఇంగ్లీషు చదువుతారు. తెలుగు వారికి బడి వల్లనే, బడిలోని స్నేహితుల వల్లనే వస్తుంది. 2018లో తెలంగాణ అన్ని బడులలో పదో తరగతి వరకు తెలుగును తప్పనిసరి చేసింది. ఇంటి బడికి ఆ నిర్బంధం లేదు. కనుక మొదట జారిపోయేది తెలుగే. తహసీలు కార్యాలయంలో, పోలీసు స్టేషనులో, పంచాయతీలో, పక్కింట మన గోడు చెప్పుకోవలసిన భాష రాని తరాన్ని మనమే తయారు చేసుకుంటే హక్కుల గురించి మాట్లాడేది ఎవరితో? ఈ పత్రిక తెలుగులో వెలువడటానికి కారణం కూడా అదే. రోజుకు ఒక పేజీ దినపత్రిక బిడ్డ చేత పైకి చదివించండి. వారానికి ఒక ఉత్తరం రాయించండి. హిందూ, క్రైస్తవ ఇరుగుపొరుగు పిల్లలతో ఆడనివ్వండి. తెలుగు తప్పులు దిద్దే గురువులు వారే.

తోడు లేని బిడ్డ గురించి చివరిగా. ఒంటరిగా నేర్చుకున్న పిల్లకు పాఠం వస్తుంది, వాదించడం రాదు, ఓడిపోవడం రాదు, తనవంటి మరొకరు ఉన్నారన్న ధైర్యం రాదు. ఒకే పేటలో ఇటువంటి అయిదారు కుటుంబాలు కలిస్తే ఈ లోటు చాలావరకు తీరుతుంది. ఒక తల్లికి లెక్కలు వస్తాయి, ఒకరికి ఇంగ్లీషు, రైల్వేలో పదవీ విరమణ చేసిన ఒక తాతగారికి భూగోళం. కావలసినది ఒక గది. సికింద్రాబాదులో పెద్ద మసీదులు చాలా వాటికి ఫజ్ర్ నుండి జొహర్ వరకు తాళం వేసి ఉండే పక్క గదులు ఉన్నాయి. సాయంత్రం మక్తబ్ అక్కడే జరుగుతుంది. ఉదయం మూడు గంటలు ఆ గదిని, ఒక నల్లబల్లను, ఒక ఫ్యానును ఇవ్వడానికి మసీదు కమిటీకి ఖర్చు పెద్దగా కాదు. ఆడపిల్లలకు, వారికి చదువు చెప్పే తల్లులకు వేరే ద్వారం ఉన్నదా అన్నది మొదట చూడవలసిన సంగతి. లేకపోతే కమిటీ రాబోయే సమావేశంలో తేల్చవలసిన మొదటి అంశం ఆ ద్వారమే.